గొంతులో దుమ్ముకు బెల్లం

డాక్టరు తీపి ముట్టొద్దని చెప్పిన రోజే గట్టయ్య బొగ్గు గనిలో డ్యూటీ నుంచి వస్తూ బెల్లం కొనుక్కొచ్చాడు. వాకిట్లో నిలబడి కొరుకుతుంటే పెళ్లాం ఓదెమ్మకు ఒళ్లు మండిపోయింది.

"చక్కెర బీమారి అంటే నీ చెవిల పడదా? పొద్దుగాల నడువుమంటే కాళ్లు గుంజుతయంటవు. బెల్లానికైతే బజారు దాక ఉరుకుతవు!"

"బొగ్గు దుమ్ము గొంతుల నుంచి దిగాల్నంటే బెల్లమే తినాలె. బాయిల అందరు తింటరు."

"ఏం దుమ్మయ్యా నీ మొకం! నువ్వు బాయి దిగుడు బందై ఎన్నేండ్లాయె? పైన దీపాలిచ్చే గదిల కూసుంటివి. తెల్లంగి తెల్లగనే వస్తాంది!"

గట్టయ్య జవాబు చెప్పబోతే దగ్గు తెర కమ్ముకుంది. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. ఓదెమ్మ మిగిలిన బెల్లంతో పాటు ఆ తువ్వాలను కూడా విసురుగా లాక్కుంది. ఉతుకుదామని విప్పి చూస్తే మధ్యలో బొగ్గులాంటి నల్లటి మరక.

ఆమె తువ్వాలను మడిచి పక్కన పెట్టింది. తర్వాత బెల్లాన్ని రెండు ముక్కలు చేసి, చిన్నది అతని చేతిలో పెట్టింది.

"గింతే. రేపు పొద్దుగాల నడువకపోతే గిది గూడ ఉండదు" అంది, కోపం తగ్గకుండానే.