ఆఖరి పాటలో అందరి పేర్లూ

ఫిడెన్సియో బరగాన్ రాప్ ఆల్బమ్ బయటికొచ్చి వారమైంది. కాలిఫోర్నియాలోని పొమోనాలో అతన్ని ఎరిగినవాళ్లంతా విన్నారు. విన్నది మాత్రం ఆఖరి పాట ఒక్కటే.

అందుకు వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. మన మెక్సికన్ పేటల్లో రాప్ ఆల్బమ్ అంటే చివర్న సలాముల పాట ఉండి తీరాలి. వెనక తాళం మోగుతుంటే పాడేవాడు పేటపేటకీ, చుట్టపక్కాలకీ, చేతిసాయం చేసినవాళ్లకీ పేరుపేరునా సలాం చెబుతాడు. గ్రూపు ఫోటో చేతికొస్తే ఎవరైనా ముందు తన మొహమే వెతుక్కుంటారు కదా, ఇదీ అంతే.

ఫిడెన్సియోకి నలభై దాటాయి. పగలు పాత ఇంపాలా కార్లకు వెల్వెట్ సీట్లు కుట్టే కొట్టు, మిగతా వేళ రాప్. పాటల్లో అతని పేరు మిస్టర్ తెకొలోతే, అంటే గుడ్లగూబగారు. పెళ్లికి ముందు నుంచీ "వచ్చే ఏడు ఆల్బమ్" అంటూనే ఉన్నాడు. చివరికి రెండేళ్లపాటు గరాజ్‌లో తలుపేసుకుని కూర్చుని పూర్తిచేశాడు. ఒక్కో మాటకూ తలప్రాణం తోకకొచ్చింది. జనం ఏమంటారోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

జనం అన్నారు. మొట్టమొదట చెపా పిన్ని, రొట్టెల కొట్లో పదిమంది మధ్య పట్టుకుంది.

"ఏరా ఫిడే, నా పేరు రుఫీనో పేరు తర్వాత చెబుతావా? వాణ్ణి కన్నది నేనా, నన్ను వాడు కన్నాడా?"

"ముందూ వెనకా ఏముంది పిన్నీ! పాటలో ఎలా కుదిరితే అలా..."

"పాటెవడు విన్నాడురా? నా పేరు కోసం విన్నాను. అదీ చెప్పేటప్పుడు దగ్గావు."

"అది దగ్గు కాదు పిన్నీ, స్టైలు."

"స్టైలా? నిమ్మకాయ పిండుకుని వేడినీళ్లు తాగు, స్టైలు తగ్గుతుంది."

ఇంటర్నెట్‌లో వచ్చినవీ ఇదే బాపతు. 'ఫోంటానా ఊరికి సలాం చెప్పి పక్కనే ఉన్న రియాల్టోని వదిలేశావు, మేం మనుషులం కామా?' అని ఒకడు. 'మీ కుక్క కనేలోకి సలాం ఉంది, నాకు లేదు. ఇట్లు, ఆ కుక్క రోజూ ఎవరి గేటు తడుపుతుందో ఆ పక్కింటివాడు' అని ఇంకొకడు. ఒసాకా నుంచి ఒక జపాన్ అభిమాని మాత్రం ఎంతో మర్యాదగా రాశాడు. 'సలాములు అద్భుతం. చెపా పిన్ని ఎవరో తెలియదు గానీ ఆవిడ చల్లగా ఉండాలి.' అది చూసుకుని పిన్ని మూడురోజులు నేలమీద నడవలేదు.

ఇక రుఫీనో. వాడు తన పేరొచ్చే ముక్క ఒక్కటే తీసుకుని, ప్రతి సిగ్నల్ దగ్గరా కారాపి, కిటికీలు దించి మోగిస్తున్నాడు.

ఇవన్నీ ఫిడెన్సియో నవ్వుతూనే భరించాడు. భరించలేకపోయింది ఒక్క మరిక్రూస్ మౌనాన్ని. మరిక్రూస్ అతని భార్య. పోయిన ఆదివారం పార్కులో లోరైడర్లు, అంటే నేలబారుగా దించిన పాత కార్ల సరదారాయుళ్లు, కలిసినప్పుడు మాంసం కాలుస్తూ ఆమె కూడా సలాముల పాట చివరిదాకా విన్నది. అందరి పేర్లూ వచ్చాయి. కుక్క పేరు వచ్చింది. ఆమె పేరు రాలేదు. చేతిలో పట్టకారు అక్కడే పెట్టి, పోయి కారులో కూర్చుంది. అప్పటినుంచీ ఇంట్లో ఆమె అన్నది ఒకే ఒక్క మాట.

"నీ గుడ్లగూబకి ఆకలేస్తే ఎలకని పట్టుకు తినమను."

ఫిడెన్సియోకి కడుపు మండింది. ఆల్బమ్‌లో ఆరో పాట మొత్తం ఆమెదే! పేరు మర్చిపోవడం కాదు, పాటే ఇచ్చాననుకుని వరసలో చేర్చలేదు. ఆ సంగతి తనే చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. ఇంకెవరైనా ఆమె చెవిన వేస్తారేమోనని ఆశపడ్డాడు.

"ఆరో పాట ఎలా ఉందిరా?" అని రుఫీనోని అడిగాడు.

"ఆరోదా? అన్ని ఉన్నాయా అందులో?"

ఇలా కాదని ఈ ఆదివారం సాయంత్రం ఇంపాలాని ఇంటి గుమ్మానికి ఎదురుగా పెట్టి, డిక్కీ తెరిచి, స్పీకర్లలో ఆరో పాట వేశాడు. మీట నొక్కితే కారు ముందుభాగం తాళానికి తగ్గట్టు లేచి పడుతోంది. వీధిలో కిటికీలు గడగడలాడాయి. రుఫీనో బీరు పట్టుకుని వచ్చాడు. చెపా పిన్ని కుర్చీ తెచ్చుకుని మరీ వచ్చింది.

మరిక్రూస్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కదలకుండా నిలబడి మొదటినుంచి చివరిదాకా విన్నది. ఎర్ర లిప్‌స్టిక్ పిల్ల, పార్కులో నడిచే పిల్ల, జుట్టు ఎగరేసే పిల్ల, నవ్వితే వాహనాలు ఆగిపోయే పిల్ల. పాట ఆగింది. కారు చివరిగా ఒక్కసారి ఎగిరి కూలబడింది.

"బాగుంది," అంది ఆమె. "ఎవరీ పిల్ల?"

"నువ్వే! మనం కలిసినప్పటి నువ్వు!"

"ఆ పిల్ల నీకేం చేసిందయ్యా? నడిచింది, నవ్వింది, జుట్టెగరేసింది. అంతేగా?"

ఫిడెన్సియో పాట మళ్లీ వేయబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మైకు అరువిచ్చినవాడికి సలాం. మొరక్కుండా పడుకున్నందుకు కుక్కకి సలాం. రెండేళ్లు నువ్వు గరాజ్‌లో కూర్చుంటే కొట్లో సీట్లెవరు కుట్టారు? గుడ్లగూబ కుట్టిందా? పాట ఆ పిల్లకే ఇచ్చుకో. నాకు వరసలో నా పేరు కావాలి."

ఫిడెన్సియో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆ రెండేళ్లూ ఎవరు సీట్లు మెచ్చుకున్నా తలూపి, తన పనే అన్నట్టు ఊరుకున్నాడు మరి. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకున్నవాడు ఈ ఒక్క సంగతి ఎలా మింగేశానా అని నిజంగా సిగ్గుపడ్డాడు. స్పీకర్లు కట్టేశాడు. తాళం లేదు, మైకు లేదు.

"మరిక్రూస్‌కి సలాం," అన్నాడు.

"వినబడలేదు. ఆ వీధి చివరింటికి వినబడాలి."

"మరిక్రూస్‌కి సలాం!" అని అరిచాడు. "రుఫీనో కారులో ఆ తెల్ల సీట్లు నేను కుట్టలేదు! మరిక్రూస్ కుట్టింది! మెచ్చుకుంటే నేనే కుట్టినట్టు తలూపాను!"

"ఏంటీ!" అన్నాడు రుఫీనో. "ఆ కుట్టు చూసే కదన్నా కార్ల పోటీలో నీకు కప్పు ఇప్పించాను!"

"నాకెప్పుడో తెలుసు," అంది చెపా పిన్ని. "వీడు కుడితే బొత్తాలు వంకర."

"కప్పు కూడా మరిక్రూస్‌దే! డోన్ లావ్రో ట్రక్కు సీట్లు మరిక్రూస్! చర్చి ఫాదర్‌గారి వ్యాను మరిక్రూస్!" గొంతు బొంగురుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఆపలేదు. వీధివాళ్లు ఒక్కొక్కరే గేట్ల దగ్గరికి వచ్చారు.

మరిక్రూస్ మెట్లు దిగి వచ్చి, కారు బానెట్ మీద సర్దుకు కూర్చుంది.

"ఇవన్నీ ఈ ఏటివి," అంది. "ఇప్పుడు పోయినేటివి మొదలుపెట్టు."