నీలం రింగుల డబ్బీ

"తొవ్వ నిండ టిప్పర్లే తిరుగుతున్నయ్ సమతా, జర ఓరకు పో. చేరంగనే మిస్‌డ్‌కాల్ ఇయ్యి. ఇయ్యలేదనుకో, ఆటో ఎక్కి నేనే వస్త, చూడు!"

ఈ మాట అనకుండా కౌసల్యమ్మ ఏనాడూ కూతురి బండిని మొయినాబాదు దాటనివ్వలేదు. ఏమీ జరగకముందే జరిగినట్టు భయపడడం ఆమె స్వభావం. "ఎంకపల్లి ఏడు సముద్రాల అవుతల లేదే అమ్మా" అని నవ్వుతూ సమత వెళ్లిపోయేది.

హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలు వరుసగా లేస్తున్న రోజులవి. వాటిలో పనిచేసేవాళ్లు ఆదివారాలు గడపడానికి ఈ వైపు భూములు కొన్నారు. అజీజ్‌నగర్‌లో చేలు పోయి ఫామ్‌హౌసుల గోడలు లేచాయి. నేల చదును చేసేటప్పుడు దొరికిన నెమలి గుడ్లు, దెబ్బతిన్న ముంగిసలు, ఉడుములు ఎంకపల్లి దగ్గరి జంతు సంరక్షణ కేంద్రానికి చేరేవి. అక్కడ సమతది లెక్కలు రాసే పని. ఎన్ని వచ్చాయి, ఎన్ని బతికాయి, ఎన్నింటిని విడిచారు, ఎన్ని సఫలం అని కాగితంలో గడులు నింపి, కేంద్రాన్ని పోషించే కంపెనీకి పంపాలి.

ఆ గురువారం సాయంత్రం కౌసల్యమ్మ అనపకాయలు వొలుస్తుంటే సమత గర్వంగా చదివి వినిపించింది.

"నెమలి పిల్లలు ఇరవై ఆరు విడిచినం. ఇరవై ఆరూ సఫలం. సోమవారం ఇంకో పంతొమ్మిది విడుస్తున్నం. కంపెనోళ్లు గూడ వస్తరు."

"విడిచినంక పోయి చూసిండ్రా?"

"ఏం చూసుడు?"

"ఉన్నయా, సచ్చినయా అని. నువ్వు గేటు దాటంగనే చేరిందని నేను రాసుకుంటనా?"

సమత కాగితం వైపు చూసుకుంది. విడిచిన రోజే ఆ అంకెను పక్కనున్న సఫలం గడిలోనూ వేసింది.

కౌసల్యమ్మకు చిన్ననాటి ఊరు సురంగల్ కళ్ల ముందుకు వచ్చింది. జొన్నచేను మధ్య మంచె, చేతిలో పిట్టలను తోలే ఒడిసెల. గింజల కోసం తల్లినెమలి వెనుక పిల్లలు బారుగా వచ్చేవి. కుక్క అలికిడి కాగానే తల్లి ఒక్క కేక వేసేది. అంతే, పిల్లలన్నీ ఎక్కడివక్కడ మట్టిలో కలిసిపోయేవి. బాపు పక్క నుంచే నడిచిపోయినా ఒక్కటీ కనపడేది కాదు. ఆ చేను ఇప్పుడు లేదు. ఆ కేక మాత్రం ఇంకా చెవుల్లో ఉంది.

"మీ తాన వాటికి తల్లెవరు?" అని అడిగింది.

"మిషిన్ల పొదిగినం. మేమే చేతుల మేత పెట్టినం. ఈల ఏస్తే ఎట్ల ఉరికొస్తయో, ఎంత ముద్దుగుంటయో!"

కౌసల్యమ్మ చేయి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున, విడిచిన పిల్లలను చూసి రావాలని, "పడేస్తవే, నిమ్మలంగ!" అంటూనే కూతురి బండెక్కింది. పిల్లల్ని విడిచిన అజీజ్‌నగర్ పొదల పక్కనే ఒక ఫామ్‌హౌస్. వాచ్‌మన్ కుర్మయ్య ఒకప్పుడు ఆ గోడ లోపలి నేలలోనే టమాటా పండించినవాడు.

"ఇన్నొద్దులకు యాదికొచ్చిందా బిడ్డా? ఫోటోలు దిగిపోయినోళ్లు మళ్ల రానేలేదు" అంటూ లోపలి నుంచి పాత సున్నపు డబ్బీ తెచ్చి సమత చేతిలో బోర్లించాడు. పిల్లల కాళ్లకు కేంద్రం తొడిగిన నీలం రింగులవి. సమత రెండుసార్లు లెక్కపెట్టింది. పద్నాలుగు.

"మనిషి కనబడ్తే ఉరికొచ్చేటియి. కుక్క వచ్చినా గంతే, మేత పెడ్తదనుకునేటియి. సచ్చినవాటి రింగులే గివి. మూడు మిగిలినయ్, నా వెంబడే తిరుగుతయ్. కడమయి ఎటు పోయినయో!"

"ఎవరికన్న చెప్పకపోయినవా అన్నా?" అని కౌసల్యమ్మ అడిగింది.

"అడుగుతరనే దాసిపెట్టిన అక్కా. అడిగిందెవరు?"

చదువరులారా, మన చుట్టూ జరిగే మంచి పనులను ఒక్కసారి గమనించండి. మొక్క నాటిన ఫోటో ఉంటుంది, నీళ్లు పోసిన ఫోటో ఉండదు. బడి గోడ కట్టిన తేదీ రాస్తారు, అందులో పిల్లలు ఎన్నాళ్లు చదివారో రాయరు. చెడ్డవాళ్లు ఎవరూ లేకుండానే ఇలా అబద్ధం తయారవుతుంది.

కేంద్రం పెద్ద ప్రభాకర్ పశువుల డాక్టరు, మంచి మనిషి. అక్కడి నుంచి నేరుగా తల్లితో కేంద్రానికి వచ్చి సమత డబ్బీని ఆయన బల్ల మీద పెట్టింది.

"సార్, సఫలమని నేను రాసింది తప్పు. సోమవారం విడిస్తే ఆ పంతొమ్మిదిటికి గూడ గిదే గతి."

ఆయన మూత తీసి చూశాడు. "సోమవారానికి పిలుపు కార్డులు పంచినం సమతా. టెంటు గూడ చెప్పినం. వచ్చేసారి నుంచి జాగ్రత్త పడదాం."

గడప దగ్గరే నిలబడిన కౌసల్యమ్మకు ఆఫీసుల్లో నోరు లేచేది కాదు. ఆ రోజు లేచింది.

"నేను ఏడో తరగతే సారూ. నా భయం చూసి నా బిడ్డనే నవ్వుతది. గని భయం గూడ తల్లి పెట్టే బువ్వనే. మీరు గింజలు పెట్టిండ్రు, కుక్క అంటే ఏందో చెప్పలే. తల్లి లెక్క సాదినమంటిరి. పిల్లను తోలిచ్చి, పోయిందో లేదో చూడకుంట ఏ తల్లన్న పండుకుంటదా? మీరే చెప్పుండ్రి."

కిటికీ అవతల పనివాడు ఈల వేశాడు. పంతొమ్మిది పిల్లలూ ఇనుప జాలీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి మెడలు చాచాయి. ప్రభాకర్ వాటినే చూస్తూ ఉండిపోయాడు. బల్ల మీద చాయ్ చల్లారి మీగడ కట్టింది. సమత తల్లి చేయి పట్టుకుంది. ఎవరూ కూర్చోలేదు.

చివరికి ఆయన రింగుల డబ్బీని తన దగ్గరికి జరుపుకున్నాడు.

"సోమవారం విడువమమ్మా. ఆ ఈల ఇయ్యాల్నే బందు చేయిస్త. సమతా, విడిచినన్ని సఫలం గాదు, విడిచినంక బతికినన్నే సఫలమని కంపెనోళ్లకు రాయి. కింద సంతకం నేను పెడ్త."