వేయించిన ఉప్పు

పొద్దున్నే పొయ్యి మీద పాత మూకుడు పెట్టి సంయుక్త ఉప్పు వేయిస్తోంది. తినే ఉప్పు కాదు. అందుకే ఆ మూకుడుని వంటసామాన్లలో కలవనివ్వకుండా విడిగా దాచుకుంటుంది. పన్నెండేళ్లుగా చూస్తున్నా అత్తగారు దమయంతికి ఇది వింతే. "ఉప్పు వేయించుడేంది బిడ్డా, మా కాలంల యాడ చూడలే," అంటూ తరగమని బెండకాయలు తెచ్చి ముందు పెట్టింది. సంయుక్త గరిటె ఆపలేదు. ఇటు ఉప్పు కలపాలి, అటు కుక్కర్ విజిళ్లు వినాలి, మధ్యలో జవాబులు చెప్పే ఓపిక ఎవరికుంది?

నారాయణగూడలో వాళ్లకు అత్తర్ల దుకాణం ఉంది. మామగారి నుంచి సంయుక్త భర్త శశాంక్ చేతికి వచ్చింది. వట్టివేళ్ల అత్తరుకు దానికి పేరు. ఆ నూనెలో కాస్త తడి మిగిలినా వానాకాలం సీసా మసక బారిపోతుంది. ఆ తడిని తాగడానికే ఈ సోడియం సల్ఫేట్ ఉప్పు. నూనెలో వేసి కుదిపితే ముద్దకడుతుంది, ఇంకొంచెం వెయ్యాలి. గింజలు ఇసుకలా జారడం మొదలైతే నూనె ఆరినట్టు. అప్పుడు వడకడితే తేటగా దిగుతుంది, ముద్దయిన ఉప్పు చెత్తబుట్టలోకి పోతుంది. ఈ ముసురుకి డబ్బాలో ఉన్న ఉప్పు కూడా గాలిలో తడి పట్టేస్తుంది కాబట్టి వాడే ముందు వేయించాలి. చిక్కడపల్లిలోని ఈ వంటింట్లో ఇదంతా చేసేది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన సంయుక్త. దుకాణంలో మాత్రం శశాంక్ తన ముక్కు వైపు వేలు చూపిస్తాడు. "అంతా మా నాయన ఇచ్చిన ముక్కు సార్," అంటాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! ఉప్పు పేరు సీసా మీద ఉండదు, అది సీసాలో మిగలదు కాబట్టి. సంయుక్త పేరు ఎక్కడా ఎందుకు లేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడుగుదామని చాలాసార్లు అనుకుంది. పని అయ్యేసరికి అడగాలన్న సంగతి కూడా అలిసిపోయేది.

పోయిన నెల అత్తగారి కంటి ఆపరేషన్‌కని సంయుక్త రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. మరిది శ్రావణ్‌కి ముప్పై ఏళ్లొచ్చాయి, తిన్న కంచం తీయడం ఇంకా రాలేదు. ఆ రెండు రోజులూ అతనే నూనె పని చూశాడు. "ఉప్పే కద వదినె, నేనేస్తలే," అన్నాడు. వంటింట్లో పప్పులో వేసే ఉప్పు ప్యాకెట్ తీసి గుమ్మరించాడు. అది తడిని తాగేది కాదు. నూనె అలాగే మసగ్గా సీసాల్లోకి, సీసాలు దుకాణంలోకి వెళ్లిపోయాయి.

అశోక్ నగర్ నుంచి ఎప్పుడూ వచ్చే ధర్మారావు గారు సీసా పట్టుకుని తిరిగొచ్చిన రోజు సంయుక్త అక్కడే ఉంది, వెనకాల పెట్టెలు కడుతూ. శశాంక్ నవ్వి, "ఏం చేస్తం సార్, ఇంట్ల ఆడోళ్ల చేతిపని. జర చూసి చెయ్యమని చెప్త," అన్నాడు. శ్రావణ్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ధర్మారావు గారు మంచివారు. "పోనీలెండి, ఆవిడ తెలీక చేసుంటారు," అన్నారు. సంయుక్త పెట్టెకు టేపు వేసింది, సరిగా అంటలేదని పీకి మళ్లీ వేసింది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చినా బాగుండేదనిపించింది.

ఇదిగో, ఇవాళ శశాంక్ నాష్టా ప్లేటు పక్కకు జరిపి కాయితాలు పరిచాడు. రాంనగర్‌లో పెద్దగా అత్తరు తయారీ యూనిట్ పెడుతున్నాడు, దానికి లైసెన్సు కావాలి.

"కెమిస్ట్రీ చదివినోళ్లు దగ్గరుండి చేయిస్తున్నరని చూపియ్యాలె. నీ పేరు రాసిన. సర్టిఫికెట్ తెచ్చి సంతకం పెట్టు."

"దగ్గరుండేది ఎవరు?"

"శ్రావణ్ ఉంటడు. ఆ ఉప్పు సంగతి వానికి జర నేర్పియ్యి, రెండు నిమిషాల పని. నువ్వు యాడికి పోయేది లేదు, కాయితం మీదనే. ఇన్‌స్పెక్టర్ వచ్చిన దినం మంచి చీర కట్టుకొని గంటసేపు నిలబడితే చాలు."

"పేరు రాసిండు గద, ఇంకేం గావాలె బిడ్డా," అంది దమయంతి. నిజంగానే అంది, ఎత్తిపొడుపు లేదు.

సంయుక్త పొయ్యి ఆపి వచ్చి కాయితం చదివింది. తయారీని స్వయంగా పర్యవేక్షించే వ్యక్తి: సంయుక్త. పన్నెండేళ్లుగా అది నిజమే. రాంనగర్‌కు వెళ్లగానే అబద్ధం కాబోతోంది. రేపు శ్రావణ్ ఏ ప్యాకెట్ గుమ్మరించినా, మసక బారిన ప్రతి సీసాకూ తప్పు ఆమెదేనని ఇక సంతకం సాక్షిగా ఉంటుంది. నోటిమాటగా పడిన నింద ఇప్పుడు కాయితం ఎక్కుతోంది. ఆమెకు ఒళ్లంతా అలసటగా ఉంది, కానీ ఆ అలసట అడుగున ఏదో ఒకటి గట్టిగా తగిలింది.

బీరువాలో పెళ్లి చీర కిందనుంచి సర్టిఫికెట్ తీసింది. సంతకం చేసింది. శశాంక్ చెయ్యి చాపాడు. ఆమె కాయితం, సర్టిఫికెట్ కలిపి మడిచి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"గదేంది, ఇటియ్యి."

"రాంనగర్ తాళంచెవి నాకిచ్చిన దినం ఇస్త. రోజూ పొద్దున తొమ్మిదింటికి నేనే పోయి తెరుస్త. నా పేరున్న కాడ నేను ఉంట."

శశాంక్ తల్లి వైపు చూశాడు. ఆవిడ బెండకాయల వైపు చూసింది.

"మరి ఇంట్ల వంట, అమ్మ మందులు, ఇవన్ని ఎవరు చూస్తరు?"

సంయుక్త చల్లారిన ఉప్పును సీసాలోకి ఎత్తి మూత బిగించింది.

"శ్రావణ్ ఉన్నడు గద. జర నేర్పిస్త," అంది. "రెండు నిమిషాల పని."