స్థలసామిని సాగనంపాం

ఒక ఆదివారం పొద్దున లేచేసరికి మా సందు మొగలో, ఈ నేలని కాచే స్థలసామి గుడి ముందు ఉడికించిన పందితల పెట్టి ఉంది. పక్కన వరసగా ఎర్ర సోడాలు, మూతలు తీసి స్ట్రాలు వేసి మరీ. మా సందులో ఎవరం పెట్టలేదు. పందితల కొనే మొహాలా మావి? ఏడాదికోసారి అందరం తలా కాస్త వేసుకుని ఒక కోడిని పెడితే అదే గొప్ప.

జనం మాత్రం తెగ సంబరపడ్డారు. ఎవడికో లాటరీ తగిలి మొక్కు తీర్చుకుని పోయాడన్నారు. మధ్యాహ్నానికి ఆ తల కోసుకుని పంచుకు తిన్నారు కూడా. నేను ముట్టలేదు. పరాయి స్థలానికొచ్చి, మొహం చూపించకుండా, అంత నైవేద్యం పెట్టి పోయినవాడికి ఏదో పెద్ద పనే ఉండాలి. ఆ మాటే పైకి అంటే, నీకు పాయసంలో కూడా రాళ్ళే కనిపిస్తాయే అన్నాడు నా మొగుడు.

నా పేరు బున్‌రువన్. ఉప్పుకొట్ల కాలవ పక్కన అరటిపళ్ళు వేయించి అమ్ముకుంటాను. నా నోరు మంచిది కాదని సందంతా అంటారు, నేనూ కాదనను. ఇక్కడ ఇళ్ళు మావి, నేల దొరసానమ్మది. ఆవిడ బతికున్నన్నాళ్ళు నామకార్థం అద్దె తీసుకుంది. పోయేముందు మమ్మల్ని పిలిచి, రోడ్డు వైపు సగం నాకొదిలెయ్యండి, కాలవ వైపు సగం మీకిస్తాను, సంఘం పెట్టుకుని పక్కా ఇళ్ళు కట్టుకోండి అంది. సంఘం పెట్టుకున్నాం. కాగితం మీద పెట్టేలోపే ఆవిడ కన్నుమూసింది. కొడుక్కి సగం కాదు, మొత్తం కావాలి.

ఇప్పటికే మూడు వైపులా మేడలు లేచి, ఎండ మా సందులోకి మిట్టమధ్యాహ్నం తప్ప దిగదు. ఇక్కణ్ణించి పోతే మేం భరించగల అద్దె ఊరి చివర ఎక్కడో ఉంటుంది. ఈ బ్యాంకాక్‌లో అక్కణ్ణించి ఇక్కడికి బస్సులో రావడానికే సగం పూట. అక్కడ నా అరటిపళ్ళు ఎవడు తింటాడు? మా సంఘం పెద్ద మానోప్ అద్దె మోటారుసైకిల్ అక్కడ ఎవడు ఎక్కుతాడు? ఇల్లు పోతే మాకు కూడూ పోతుంది.

పోయిన వానాకాలం కొడుకుగారు కూల్చే యంత్రాలు పంపించాడు. నడిపేవాళ్ళంతా ఈశాన్యం పల్లెల కుర్రాళ్ళు. సందు మొగలో ఒంటి స్తంభం మీద పిట్టగూడంత గుడి, అందులో స్థలసామి, ముందు ధూపం కడ్డీలు పట్టుకుని ప్రయోంగ్ అవ్వ కూచుంది. అది చూడగానే వాళ్ళు యంత్రాలు ఆపేసి దిగిపోయారు. సామి ఉండగా నేల తవ్వితే చేతులు పడిపోతాయని వాళ్ళ భయం. మేనేజరు ఎంత అరిచినా ఒక్కడూ తిరిగి ఎక్కలేదు. సామి ఉన్నాడో లేడో నాకు తెలీదు. కూలీలకి భయముంది, నాకది చాలు.

అవ్వ సంగతి వేరు. ఈ సందులో మొదటి గుడిసె వేసింది ఆవిడే. గుడి పక్కనే ఇల్లు, పొద్దున లేస్తే సామికి నీళ్ళు పెట్టాకే తను తాగేది. ఆవిడ నోట్లోంచి అబద్ధం రావడం నేనెప్పుడూ వినలేదు. చేపలమ్మినప్పుడు కూడా నిన్నటి చేపని నిన్నటిదనే చెప్పి అమ్మేది.

పందితల పెట్టిన వారంలోనే సుథీ అని కొడుకుగారి తరఫు మనిషి వచ్చాడు. చిన్న వయసు, ఇస్త్రీ నలగని చొక్కా, నెమ్మదైన మాట. ప్రతి గడప ముందూ బూట్లు విప్పాడు. నేలమీదే కూచున్నాడు. నా అరటిపళ్ళు తిని, ఇంత రుచి ఎక్కడా చూళ్ళేదన్నాడు. అంత మర్యాద చూసి నాకు ఒళ్ళు జలదరించింది. దొరగారికి మనసు మారిందట, అమ్మ మాటే నా మాట అన్నారట. రంగుల బొమ్మ ఒకటి పరిచాడు. కాలవ పొడుగునా రెండంతస్తుల వరస ఇళ్ళు, ముందు పూలకుండీలు. మానోప్ ఆ బొమ్మని ఇంటికి తీసుకెళ్ళి గోడకి అతికించుకున్నాడు.

ఒక్కటే అడిగాడు సుథీ. సామి గుడి సరిగ్గా రోడ్డు వైపు కట్టే భవనానికి అడ్డంగా ఉంది, సామిని మీ సగంలోకి మార్చుకోండి, కొత్త గుడి మేమే కట్టిస్తాం అన్నాడు. ఇళ్ళు ముందు లేపండి, సామిని తర్వాత మారుద్దాం అన్నాను నేను. అతను నవ్వి, ఆయన్ని కదపకుండా పునాదులు తవ్వితే కీడు మీ ఇళ్ళకే కదా పిన్నిగారూ అన్నాడు. అందరూ తలలూపారు. మానోప్ నా వైపు తిరిగి, మంచి జరుగుతుంటే నీకు కడుపునొప్పి ఎందుకక్కా అని నలుగురిలో కడిగేశాడు.

అవ్వ చివర్లో నోరు విప్పింది.

"ఆ అబ్బాయిని ధూపం పట్టుకుని ఆ మాట సామి ముందు చెప్పమనండి. చెబితే సామిని పంపుతాను."

అంతటితో వాదన ముగిసింది. మా దగ్గర దొంగతనాలూ మొగుడూపెళ్ళాల అనుమానాలూ అలాగే తేలేవి. వెలిగించిన ధూపం చేతిలో పెట్టుకుని అబద్ధమాడినవాణ్ణి మేమెవరం చూళ్ళేదు. నేను కూడా నోరుమూసుకున్నాను.

గురువారం పొద్దున సామిని కదిపే పూజకి సుథీ వెంట తెల్లబట్టల పంతులు వచ్చాడు. సందంతా తలస్నానాలు చేసి చేతులు జోడించి కూచుంది. అవ్వ ధూపం వెలిగించింది. సామీ, ఇన్నాళ్ళు మమ్మల్ని కాచావు, వెనక నీకు కొత్త ఇల్లు కడుతున్నాం, లేచి రా తండ్రీ అంది. ఆమె తర్వాత సుథీ ధూపం అందుకున్నాడు.

"కాలవ వైపు సగం ఈ సందువాళ్ళదే. వాళ్ళ ఇళ్ళు లేచాకే ముందు వైపు పని మొదలవుతుంది."

గొంతులో వణుకు లేదు, కళ్ళల్లో బెదురు లేదు. పంతులు సామి బొమ్మని తెల్లగుడ్డలో చుట్టి అతని చేతికిచ్చాడు. కొత్త గుడి తయారయ్యేదాకా కాలవ అవతలి బుద్ధుడి గుడిలో ఉంచుతానని సుథీ దాన్ని కారులో పెట్టుకుని వెళ్ళాడు. స్తంభం మీది గూడు ఒట్టిగా మిగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం నా బండి దగ్గరికి పోయాను.

పంతులు తన కారు కోసం కాచుకుంటూ నా బండి దగ్గరికొచ్చాడు. రెండు పళ్ళు చేతిలో పెట్టి, మాటవరసకి ఆ పందితల సంగతి ఎత్తాను. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలీలేదన్నాను.

"మేమేనమ్మా," అన్నాడాయన తాపీగా. "ఆ తెల్లవారుజామున సుథీ గారే నన్ను వెంటబెట్టుకొచ్చారు. సామికి ముందుగా క్షమాపణ చెప్పుకున్నారు."

"దేనికి?"

"తర్వాత సామి ముందు ఏదైనా తప్పు మాట చెప్పాల్సొస్తే మనసులో పెట్టుకోవద్దని. మంచి భక్తిపరులమ్మా. ఏదీ చెప్పకుండా చెయ్యరు."

బాణలిలో పళ్ళు మాడుతున్నా అలాగే వదిలేశాను. మానోప్ దగ్గరికి పరుగెత్తాను. ముందు నవ్వాడు. తర్వాత సుథీకి ఫోన్ చేశాడు. మళ్ళీ చేశాడు. ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

కొత్త గుడి రాలేదు. దాని బదులు రేకులొచ్చాయి. కాలవ గట్టు పొడుగునా, మా వెనక, మా పక్కన, మనిషికి రెట్టింపు ఎత్తున రేకుల గోడ లేచింది. మన ఇళ్ళ పనికేలే అన్నాడు మానోప్, నా మొహం చూడకుండా. ఆ గోడ బయటి వైపు ఆకాశమంత మేడ బొమ్మ, ఈతకొలను, నవ్వుతున్న మొగుడూ పెళ్ళాం. మర్నాడు కుళాయి ఎండిపోయింది. సందులో జనం గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరికీ చెప్పకుండా రెండు కుటుంబాలు సామాను సర్దుకుని పోయాయి. మానోప్ ఇంటి గోడ మీద రంగుల బొమ్మ ఎప్పుడు తీసేశాడో తెలీదు, ఎవరం అడగలేదు.

అవ్వని తీసుకుని కాలవ అవతలి బుద్ధుడి గుడికి వెళ్ళాను. సామిని తెచ్చేసుకుందామని నా ఆశ. అక్కడి భిక్షువు అంతా వెతికించాడు. తెల్లగుడ్డలో చుట్టిన బొమ్మ ఎవరూ తేలేదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు పడవలో అవ్వ నీళ్ళకేసి చూస్తూ కూచుంది. నేను బతిమాలాను. యంత్రాలొస్తాయవ్వా, కూలీలు అడుగుతారు, సామి ఇంకా ఇక్కడే ఉన్నాడని ఒక్క మాట చెప్పు, మనందరి కొంపలు నిలబడతాయి, ఈలోపు దొరసానమ్మ మాట విన్న ముసలాళ్ళని సాక్ష్యానికి పట్టుకుని కోర్టుకెళతాం అన్నాను. అవ్వ ఏమీ అనలేదు. ఒప్పుకుందనుకున్నాను.

సోమవారం పొద్దున పోలీసుల వెనక యంత్రాలొచ్చాయి. ఈసారి కూలీల వెంట ఒక మేస్త్రీ ఉన్నాడు, నడివయసువాడు, మెడనిండా తాయెత్తులు. స్తంభం మీది ఒట్టి గూడు చూసి ఆగాడు. నేను అడ్డం పడి గొంతు చించుకున్నాను. పూజ చెడిపోయిందన్నాను, సామి కదల్లేదన్నాను, యంత్రం ఎక్కినవాడు ఇల్లు చేరడన్నాను. కుర్రాళ్ళు ఒక్కొక్కడే కిందికి దిగారు. వాళ్ళ మొహాల్లో రంగు పోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు.

"పిన్నీ, నీ ఇల్లు పోతోంది. నీ చోట ఉంటే నేనూ ఇలాగే చెబుతాను. సామికి నీళ్ళు పెట్టేదెవరు?"

సందంతా అవ్వ వైపు తిరిగింది. అతను పోయి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూచుని చేతులు జోడించాడు.

"అవ్వా, వీళ్ళంతా నన్ను నమ్ముకుని ఊళ్ళొదిలి వచ్చినవాళ్ళు. వీళ్ళ తల్లులకి నేను జవాబు చెప్పుకోవాలి. సామి ఉన్నాడా, వెళ్ళాడా?"

నేను అవ్వ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. మానోప్ పెదవులు కదులుతున్నాయి, ఉన్నాడను, ఉన్నాడను అని. అవ్వ ఆ కుర్రాళ్ళని ఒక్కొక్కణ్ణీ చూసింది.

"వెళ్ళాడు నాయనా," అంది. "నేనే పంపాను."

ఆ క్షణం ఆవిడ మీద నాకొచ్చిన కోపం నా కన్నతల్లి మీద కూడా ఎప్పుడూ రాలేదు. చెయ్యి విదిలించేశాను. ఒక్క అబద్ధం, ఇంతమంది కోసం ఒక్క అబద్ధం ఆడలేకపోయావా అని ఏడుస్తూ అడిగాను.

"ఆడితే క్షమించమని ఎవరికి మొక్కుకోనే?" అంది అవ్వ. "ఆయన లేడుగా ఇక్కడ."

మేస్త్రీ ఆవిడకి దణ్ణం పెట్టి లేచి చెయ్యి ఊపాడు. కుర్రాళ్ళు మళ్ళీ యంత్రాలెక్కారు. సందు మొగలో మొదటి ఇల్లు అవ్వదే.