పెరట్లో పడ్డ దెబ్బలు

పొద్దున్నే బట్టలుతికి దండెం మీద ఆరేయడం షీబాకి అలవాటు. ఆ దండెం తాడు కాదు, ఇనప కడ్డీ. ఆమె మొగుడు స్టాన్లీ గరివిడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. తుక్కులోంచి తెచ్చి బాగుచేసుకున్న స్పోర్ట్స్ కారుతో విశాఖలో పోటీకి దిగాలని అతని పిచ్చి. బరువు తగ్గితే తప్ప కారు ఉరకదని ముందు బంపర్ విప్పి, గుద్దినప్పుడు దెబ్బ కాయడానికి లోపల అడ్డంగా ఉన్న ఈ కడ్డీని పీకేశాడు. పైన పల్చటి ఫైబరు తొడుగు బిగించి, దాన్ని పట్టే క్లాంపులకి కూడా డ్రిల్లుతో బెజ్జాలు పొడిచాడు. కడ్డీని పెరట్లో రెండు గుంజల మీద పడేశాడు.

బండిలో లేకపోయినా కడ్డీ తన పని మానలేదు. స్టాన్లీ ఎక్కడ గుద్దినా కారుకి గీత పడదు, పెరట్లో కడ్డీకి సొట్ట పడుతుంది. వీధిలో అందరికీ తెలిసిందే.

"ఒసే షీబా, నీ మొగుడు మళ్లీ ఎక్కడో గుద్దీసినాడే. సూడు, సీరలన్నీ మట్టిలో పడ్డాయి," అనేది పక్కింటి సుభద్రమ్మ గోడ మీంచి.

షీబాకి ఇంట్లో కాలు నిలవదు. గంజి వారుస్తూ కిటికీలోంచి చూస్తుంది. చర్చిలో కూర్చున్నా పాట మీద మనసుండదు. శుక్రవారం ఆమె చూస్తుండగానే కడ్డీ నడుం వంగిపోయి, మధ్యలో పగులు పాకింది.

సాయంత్రం స్టాన్లీ ఈల వేసుకుంటూ వచ్చాడు.

"బావా, అది ఇంకొక్క దెబ్బకి ఆగదు. మళ్లీ కారులో పెట్టీయ్," అంది షీబా.

"ఎల్లుండి పోటీ ఎట్టుకొని బరువు పెట్టమంటావేటే? నాకేటీ అవ్వదు."

దెబ్బలన్నీ పెరట్లో పడుతుంటే ఆ మాట ఎవరైనా అంటారు. షీబాకి ఒళ్లు మండింది.

ఆదివారం అతను కారు స్టార్ట్ చేసేసరికి, ఆమె కడ్డీని గుండెలకి అదుముకుని గడప మీద కూర్చుని ఉంది.

"అదెందుకు ఎత్తుకున్నావు?"

"ఇది ఇరిగిపోతే మిగిలిన దెబ్బ ఎవులో ఒకలు తినాల కదా. నాను తింతాను. నువ్వెల్లు."

స్టాన్లీ గేరు వేసి వీధి చివరిదాకా పోయాడు. ఎప్పుడూ లేనిది, కాలు బ్రేకు మీంచి లేవలేదు. భయమేసింది. వెనక్కొచ్చి పానా తీశాడు. కడ్డీని సుత్తితో సాగగొట్టి, పగులుకి వెల్డింగు పెట్టి, బంపర్లో బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. పోటీ అతను లేకుండానే అయిపోయింది. ఆ కోపంతో పెళ్లాంతో మాట్లాడ్డం మానేశాడు.

బుధవారం డ్యూటీకి పోతుంటే రైలు గేటు దగ్గర ఒక లారీ ఎదురొచ్చి గుద్దింది. కారు ముందు భాగం నుజ్జయింది. కడ్డీ బంపర్లోనే రెండు ముక్కలైంది. స్టాన్లీ తలుపు తన్నుకుని బయటపడి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికి నడిచొచ్చాడు.

షీబా చేపలు తోముతోంది. ఎన్నాళ్లకో, కడ్డీ లేని పెరటి వైపు చూడకుండా నిమ్మళంగా పని చేసుకుంటోంది. అతను ఎదురుగా నిలబడి చెప్పేదాకా ఆమెకి ఏమీ తెలియదు.