పెంకు మీద ఊరు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు గ్లోబు తుడవడం జయమణి టీచరుకు అలవాటు. దాని మీది నేలనంతా పొడిగుడ్డతో తుడిచేది. సముద్రాల జోలికి మాత్రం పోయేది కాదు. అవెలాగూ తడిగానే ఉంటాయి.

విశాఖ పక్కన యారాడ దాటాక కొండ కిందున్న గవ్వలపేటలో ఆ గ్లోబు సంగతి అందరికీ తెలిసిందే. పిల్లలు తగ్గిపోయారని బడి మూసేసినప్పుడు బల్లలూ బీరువాలూ పక్క ఊరికి పోయాయి. పాత గ్లోబు కావాలని ఎవరూ అడగలేదు. టీచరే దాన్ని చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఎవరూ తిప్పకుండానే అది రోజుకొక్క చుట్టు, పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. వేలు దగ్గరికి తెచ్చేకొద్దీ విశాఖ అనే చుక్క విచ్చుకుని వీధులూ ఇళ్లూ అవుతుంది. పడవలు వేటకు దిగేముందు ఆడవాళ్లు వచ్చి, బంగాళాఖాతంలో వేలు ముంచి, "ఈయాల పోటెక్కువుంది టీచరమ్మా" అని చెప్పి, వేలు చీరకు తుడుచుకుని వెళ్లిపోతారు. అంతే.

క్వారీ వచ్చాకే గ్లోబుకు జబ్బు పట్టింది. రోజూ పదకొండింటికి కొండ మీద ఈల వేస్తారు, తూటాలు పేలుస్తారు. ఇళ్లలో గిన్నెలు గలగలమంటాయి, గ్లోబు స్టాండు మీద ఎగిరిపడుతుంది. ఆరు నెలల్లో గవ్వలపేట దగ్గర వెంట్రుకంత పగులు తేలింది. దాని మీద వేలు పెడితే వెచ్చగా తగిలేది.

పక్కింటి గురువమ్మ గోడకయితే చెయ్యి దూరేంత పగులు. ఆ గోడ పక్కనే ఆమె మొగుడి మంచం. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా లేవలేని మనిషి.

ఊరివాళ్ల అర్జీ మీద ఒక శనివారం అధికారి తనిఖీకి వచ్చాడు. టీచరు వరండాలో కుర్చీ, బల్ల వేశారు. గోడలు చూడకముందే రిపోర్టు టైపు చేయించి తెచ్చాడు. సంతకం ఒక్కటే తరువాయి. గబగబా చదివి వినిపించాడు: "పగుళ్లకు కారణం నాసిరకం కట్టుబడి. పేలుళ్ల ప్రకంపనలు క్వారీ హద్దు దాటవు. పగుళ్లు పట్టిన పదకొండు ఇళ్లూ ప్రమాదకరం కనుక సోమవారంలోగా ఖాళీ చేయించవలెను."

"అంటే ఏటి బాబూ?" గురువమ్మ ముందుకొచ్చింది. "కొండ బద్దలుకొట్టినోడు ఉంటాడు, గోడ పగిలినోళ్లం పోవాలా?"

"గోడ మీద పడితే మాట మాకొస్తుందమ్మా."

"మంచం మీదున్న మడిసిని ఏ రోడ్డు మీద దించమంటావు? నువ్వే సెప్పు."

అతను పెన్ను మూత తీశాడు.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినా గొంతు పెంచి ఎరగని జయమణి టీచరు బల్ల దగ్గరికి వచ్చింది. పెన్ను పట్టుకున్న ఆ ఎడమచెయ్యి ఆవిడకు తెలుసు, గవ్వలపేటకు రాకముందు పట్నం బడిలో చూసింది.

"ఏరా జాక్సనూ! ఆరో తరగతి, మూడో బెంచీ."

అతను అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు. "టీచర్... మీరా?"

"భూమి లోపల ఏముందో చెప్పే రోజున ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి బ్లేడుతో కోసేదాన్ని. పెంకు ఏటి?"

"భూపటలం, టీచర్."

"తెల్లసొన?"

"ప్రావారం."

"పచ్చసొన?"

"కేంద్రమండలం. ఇనుము, నికెల్."

"పాఠం అయ్యాక ఆ గుడ్డు ఎవరికి పెట్టేదాన్ని?"

జాక్సన్ తల దించుకున్నాడు. "నాకే. పొద్దున ఇంట్లో ఏమీ ఉండేది కాదు."

"గుడ్డు తిన్నావు, పాఠం ఎక్కడ పారేశావురా? నడిబొడ్డు దాకా ఆరువేల మూడొందల డెబ్బై కిలోమీటర్లున్న భూమికి, మన కాళ్లకింద పెంకు ముప్పై నలభై కిలోమీటర్లు. దాని మీదే అందరి కాపురాలూ. గుడ్డును ఒకచోట కొడితే, పగులు నీ రిపోర్టు చదువుకుని హద్దు దగ్గర ఆగుతుందిరా?"

"తిన్న గుడ్డు మీదయినా ఇస్వాసం లేదు," అంది గురువమ్మ.

"పైనుంచి ఒత్తిడి ఉంది టీచర్. మీకు తెలీదు."

"ఒత్తిడి సంగతి నాకు చెప్తున్నావా? లోతుకు పోయేకొద్దీ ఎంత పెరుగుతుందో నీకు నేర్పిందే నేను." టీచరు లోపలికి వెళ్లి గ్లోబు తెచ్చి, సరిగ్గా రిపోర్టు మీద పెట్టింది. "నీ ఇల్లెక్కడిప్పుడు?"

"విశాఖలోనే, సీతమ్మధార."

"వేలు పెట్టు."

పెట్టాడు. చుక్క విచ్చుకుంది, వీధి వచ్చింది, అతని డాబా వేలికింద గరుగ్గా తగిలింది. అప్పుడే కొండ మీద ఈల వినిపించింది.

"తియ్యకు," అంది టీచరు.

కొండ దద్దరిల్లింది. గ్లోబు ఎగిరిపడింది. గవ్వలపేట దగ్గరి పగులు కదిలి, హార్బరు కాలవ కిందనుంచి దూరి, పట్నంలోకి ఎక్కి, జాక్సన్ వేలికింద ఆగింది. వేలు చుర్రుమంది. అందరూ చూశారు.

ఫోను మోగింది. అతని భార్య ఫ్లోరా గొంతు వరండా అంతా వినపడింది. "ఏమండీ, వంటింటి గోడ పగిలిపోయిందండీ! పైనుంచి కిందిదాకా! పాప కంచంలో సున్నం పడింది!"

"మొన్న క్రిస్మసుకే కదా కొత్తింట్లో దిగాం..." అన్నాడతను.

"నాసిరకం కట్టుబడేమోరా," అంది టీచరు.

జాక్సన్ గ్లోబు కిందనుంచి కాగితం లాగి, టైపు చేసిందంతా అడ్డంగా కొట్టేసి, వెనకవైపు చేత్తో రాశాడు. పగుళ్లు పేలుళ్ల వల్లే వచ్చాయనీ, ఆ క్షణం నుంచే క్వారీ ఆపాలనీ, ఏ ఇల్లూ ఖాళీ చెయ్యక్కర్లేదనీ. టీచరు చదివింది. "ప్రకంపనలకు హద్దు లేదని కూడా రాయి." అదీ రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం మూలాన నెల తిరక్కుండానే అతనికి ఎక్కడో మన్యంలోకి బదిలీ అయింది. కొండ మీద ఈల మాత్రం మళ్లీ వినపడలేదు.

అయితే ఆ పూట టీచరు కోపం సంతకంతో చల్లారలేదు. లోపలికి వెళ్లి గుడ్డు ఒకటి తెచ్చి అతని అరచేతిలో పెట్టింది.

"నేను తినలేను టీచర్," అన్నాడతను చిన్నగా.

"తినమని ఎవరన్నారు? అది పచ్చిది. పగలకుండా ఇంటిదాకా తీసుకెళ్లు. అదే నీకు ఇంపోజిషను."

జీపు గతుకుల ఘాట్‌రోడ్డు ఎక్కింది. గురువమ్మ తన గుమ్మంలో నిలబడి చూసింది. ముందు సీట్లో అధికారి, రెండు చేతులూ దోసిలిపట్టి, కుదుపు వచ్చినప్పుడల్లా డ్రైవరును బతిమాలుకుంటూ పోతున్నాడు.

"మెల్లగా బావా, మెల్లగా."