ఊరుకోవడం రాని కంప్యూటరు

“ఏంది సారూ, ఆవు యాడ?”

కాలేజీ కంప్యూటర్ గది గుమ్మంలో పచ్చగడ్డి మోపుతో నిలబడ్డాడు మా ఇంటి ఓనరు, బట్టల కొట్టు ఆదికేశవులు. వెనక మా వీధివాళ్ళు, పసుపూ కుంకుమా పట్టుకుని. శనివారం ‘గో’ ప్రదర్శన ఉందని వీధి చివరిదాకా వినపడేలా నేనే చెప్పాను. వాళ్ళకి వినపడింది గోప్రదర్శన.

“కూర్చో అన్నా. ముందు ఆట, తర్వాత మేత!” అన్నాను.

అది 1986. కాలేజీకంతటికీ ఒకే కంప్యూటరు; దాని మీద నేను గో అనే ఆట ఆడే ప్రోగ్రాం రాశాను. జీతాల లెక్కలకి అది తమకు కావాలని ఆఫీసువాళ్ళు పట్టుబట్టారు. “మీ ప్రోగ్రాం నాతో ఒక ఆట పరువుగా ముగిస్తే కంప్యూటరు మీ దగ్గరే ఉంటుంది. లేదంటే ఆఫీసుకి పోతుంది” అని మా హెడ్ నాగరాజన్ తేల్చేశారు. ఆయన జపాన్‌లో శిక్షణకి వెళ్ళి గో నేర్చినవారు. నేను గేమ్ థియరీ పుస్తకం చదివి గోలోకి దూకినవాణ్ణి. యానాంవాణ్ణి కదా, గోదావరిలోనే గో ఉందనుకున్నాను.

ఆ పుస్తకం చెప్పేది ఇంతే: ఎదుటివాడు నిన్ను ముంచే ఎత్తే వేస్తాడనుకో, నీకు తక్కువ మునక ఉన్న ఎత్తు వెయ్యి. అద్దె ఇంట్లో ఉండేవాడికి ఇది పుస్తకం చూసి నేర్చుకోవలసిన సంగతేమీ కాదు.

ఆట మొదలైంది. నల్లరాళ్ళు నా ప్రోగ్రాంవి, తెల్లవి ఆయనవి. గోలో ఎదుటివాడు చుట్టూ మూసేసినా, రాళ్ళ గుంపు మధ్య రెండు ఖాళీలు విడివిడిగా మిగిలితే దాన్నెవరూ చంపలేరు. ఆ ఖాళీలనే కళ్ళంటారు. నా నల్లగుంపు సగం పలక ఆక్రమించి, రెండు కళ్ళతో దర్జాగా కూర్చుంది. నాగరాజన్ గారు చెమట తుడుచుకున్నారు.

“సార్! నా రాళ్ళకి కళ్ళొచ్చాయి, మీకు నీళ్ళొచ్చాయి!”

ఆయన పలకంతా చూసి, “పాస్” అన్నారు. ఇక వెయ్యడానికేం లేదని. కంప్యూటరు కూడా పాస్ అంటే ఆట ముగుస్తుంది, గెలుపు నాది.

అది అనలేదు. తన కంట్లో తనే ఒక రాయి పెట్టుకుంది.

“అయ్యో, తన వేలితో తన కన్నే పొడుచుకుందేంటండీ!” అంది నా భార్య నాగకుమారి.

నాగరాజన్ గారు రెండో కంట్లో తెల్లరాయి పెట్టారు. గుంపంతా గల్లంతు.

“ఏమండీ, దీనికి పాస్ అనడం నేర్పలేదా?” అన్నారాయన.

నేర్పలేదు. ఎత్తుకి పైఎత్తు నేర్పాను. ఊరుకోవడం కూడా ఒక ఎత్తేనని నాకే తెలియదు.

“అచ్చం మీ పోలికే” అంది నాగకుమారి. “పేరుకి తగ్గట్టు కామరాజు. అన్నీ కామాలే, ఫుల్‌స్టాప్ ఒక్కటీ లేదు.”

నా పేరు మీద ఇంత మంచి జోకు, అదీ నాకు తట్టనిది! ఆఫీసు మనిషి అప్పుడే వైర్లు చుట్టడం మొదలెట్టాడు.

“ఇంకేమైనా చెప్పాలా?” అడిగారు నాగరాజన్ గారు.

నాలుక మీద శ్లేషలు క్యూ కట్టాయి. అన్నీ మింగాను.

“పాస్” అన్నాను.

నాగరాజన్ గారు పగలబడి నవ్వారు. “మీకే వచ్చిందంటే దానికీ వస్తుంది. వచ్చే శనివారం మళ్ళీ ఆడదాం. ఆ వైర్లు వదిలెయ్యవయ్యా!”

“అదంతా సరి సారూ, ఆవు యాడ?” అన్నాడు ఆదికేశవులు.

అప్పుడు అందరికీ వినపడేలా, ఈసారి అర్థమయ్యేలా కూడా చెప్పాను: గో అంటే ఆవు కాదు, జపాన్ వాళ్ళు ఆడే రాళ్ళాట. నేను పెద్ద గొంతుతో సగమే చెప్పాను, మిగతా సగం మీరు పూర్తి చేసుకున్నారు.

“ఆవే మేలు” అన్నాడాయన. “కడుపు నిండితే మూతి తిప్పుకుంటాది. మరి ఈ గడ్డి ఎవరికి పెట్టేది?”

“నాకు ఇందాకే పెట్టేశారన్నా” అన్నాను.